సైగని పెడచెవిన పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక్క వాక్యం దగ్గర నిన్నటి నుంచి ఇరుక్కుపోయాను.

మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. 1884లో అమెరికాలో టొలీడో బేస్‌బాల్ జట్టు క్యాచర్. 1947లో మేజర్ లీగ్‌లో (అక్కడి అత్యున్నత స్థాయి బేస్‌బాల్) నల్లవాళ్లకి మళ్లీ దారి తెరిచిన జాకీ రాబిన్సన్‌కి 63 ఏళ్ల ముందే ఆ లీగ్ ఆడిన నల్లజాతి ఆటగాడు. 1889లో సిరక్యూస్ జట్టుతో అతని ఆట జీవితం ముగిసింది. తర్వాత ఒహాయోలో థియేటర్ నడిపాడు, 1924లో పోయాడు.

క్యాచర్ మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక గొంతుకూర్చుంటాడు. కాకపోతే ఏ బంతి వేయాలో పిచర్‌కి (మన బౌలర్ లాంటివాడు) సైగ చేసేది ఇతనే. అప్పట్లో ఇప్పటి దిండులాంటి గ్లవ్ లేదు, వాకర్ చాలాసార్లు ఒట్టి చేతులతోనే పట్టేవాడు. ఏ బంతి వస్తుందో తెలియకపోతే వేళ్ల గతి ఏమిటో ఊహించుకోండి.

పిచర్ టోనీ మల్లేన్ 1919లో తనే ఒప్పుకున్నాడు: తను కలిసి ఆడిన క్యాచర్లలో వాకరే మేటి అని, అయినా నల్లవాళ్లంటే గిట్టక అతని సైగ చూడకుండా ఇష్టమొచ్చిన బంతి వేసేవాడినని. ఒకరోజు వాకర్ కర్వ్ (వంపు తిరిగే బంతి) అడిగితే ఫాస్ట్ బాల్ వేశాడు. వాకర్ దాన్ని పట్టి, మల్లేన్ దగ్గరికి వెళ్లి, సైగలు లేకుండానే పడతాను గానీ సైగ చేశాక ఇంకోటి వేస్తే పట్టనని చెప్పాడట. మిగతా సీజనంతా అలాగే పట్టాడు.

నేను రాసింది: "వాకర్ సైగల్ని మల్లేన్ పెడచెవిన పెట్టాడు." మా ఆవిడ చదివి, "సైగ చెవికి వినపడుతుందా?" అంది. ఇక్కడ అడిగితే తలా ఒకటి చెప్పారు:

— పెడచెవికి ఇప్పుడు చెవితో పనేముందండీ? నోటీసుల్ని పెడచెవిన పెట్టారని పేపర్లో రాయడం లేదూ?

— నోటీసులో ఎవరో చెప్పిన మాటంటూ ఉంటుంది. సైగలో మాటే లేదు. "పెడమొహం పెట్టాడు" అనండి. గిట్టనితనం కూడా అందులోనే వచ్చేస్తుంది.

— పెడమొహం పెట్టి విసిరితే బంతి ఎటు పోతుందో మాస్టారూ! "చూసీచూడనట్టు ఊరుకున్నాడు" ఎలా ఉంటుంది?

నా వాక్యానికి అది కుదరదండీ. చూసీచూడనట్టు ఊరుకోవడమంటే అవతలివాడి తప్పుని పోనీలే అని వదిలేయడం. ఇక్కడ తప్పు వాకర్‌ది కాదు కదా. "ఖాతరు చేయలేదు" అని మార్చాను, ఇంట్లో కూడా పాసైంది. ఇంకొక్కటి. ఆ తర్వాత వాకర్ సైగలు "మానేశాడు" అనాలా, "మానుకున్నాడు" అనాలా? మొదటిది అలిగినట్టుంది. నాకు రెండోదే నచ్చింది, మీరేమంటారు?