సమస్య (ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి): కడలి బెత్తెడు వెడలుపై కదలకుండె

నిర్వాహకుడు: వియన్నాలో ఉన్న రోమన్ దారుల పటం బొమ్మ చూస్తుంటే ఈ పాదం తట్టింది. 13వ శతాబ్దంలో చేత్తో ఎత్తిరాసిన ప్రతి అది. పొడవు 6.75 మీటర్ల దాకా ఉంది, ఎత్తు 34 సెంటీమీటర్లే. మధ్యధరా సముద్రం అందులో కాలువలా సాగుతుంది. అగస్త్యుణ్ని తెస్తే పూరణ చెల్లదు. కలలో చూశానన్నా చెల్లదు.

ఎర్రగీత:
రోము రాజ్యపు బాటలే రూపు గట్ట
తోలు చుట్టపై నెఱ్ఱగాఁ దోఁచుచుండ
పొడవుగా లాగి దేశాల నొడిసిపట్ట
కడలి బెత్తెడు వెడలుపై కదలకుండె

గణకుడు: ఎర్రదారులు చక్కగా పడ్డాయి. మరి 'పట్ట' తర్వాత 'కడలి' ఎలా నిలిచిందండీ? ద్రుతం (పదం చివర ఉండి తర్వాతి 'క'ను 'గ' చేసే నకారం) ఎక్కడికి పోయింది? 'గడలి' అంటే సమస్యే మారిపోతుంది.

ఎర్రగీత: పాదం చివర విరామం ఉందిగా.

గణకుడు: భావం ఆగితేగా విరామం! 'నొడిసిపట్ట' బదులు 'నొడిసెఁ గుంచె' అనండి, గొడవ తీరుతుంది.

శ్లేషప్రియ:
గద్దెపై రోముపట్టణ కాంత యుండ
చేత గోళము దాల్చుచుఁ జెలువు మీఱ
నదరి, యలలన్ని దాఁచుక, యణఁగి యొదిగి
కడలి బెత్తెడు వెడలుపై కదలకుండె

పటంలో రోము నిజంగానే కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చుంది. కల్పన కాదు.

గణకుడు: 'ఒదిగి' దగ్గర ద్రుతం బెడద లేదు. ఎర్రగీత గారు గమనించాలి.

ఎర్రగీత: గమనించాను. కానీ సముద్రాన్ని భయపెట్టడం శ్లేషప్రియ గారికి పాత అలవాటే. పోయినసారి పటంలో ముజిరిస్ (కేరళ తీరపు పాత రేవు) పక్కన రోము చక్రవర్తి అగస్టసు గుడి చూపించి, అగస్త్యుడితో ముడిపెట్టి, అరేబియా సముద్రాన్ని తాగించేశారు. ఈసారి నిషేధం ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు.

శ్లేషప్రియ: గుడి నేను కట్టలేదు. ముజిరిస్ పక్కన పటంలోనే ఉంది, వెళ్లి చూసుకోండి.

గణకుడు: గుడి ఉంది సరే. ఆ పద్యం మూడో పాదంలో యతి మాత్రం ఇంకా బాకీ.

నిర్వాహకుడు: ఆ లెక్కలు అక్కడే తేల్చుకోండి. ఈసారి నా ఓటు 'అలలన్ని దాఁచుక'కే. ఎర్రగీత గారి పద్యంలో కడలి ఎందుకు సన్నబడిందో ఉంది, ఎందుకు కదలలేదో లేదు.

ఎర్రగీత: బొమ్మలో సముద్రం కదులుతుందా అండీ?