కంచెల్లో గడ్డి పోవడానికి కారణం వానలా, మందలా?

చల్కనేల (మహబూబ్‌నగర్):
మా ఊరి గుట్ట కింది కంచెలో, అంటే పశువులు మేసే బీడులో, ముప్పై ఏళ్ల కిందట మోకాలెత్తు గడ్డి ఉండేది. నేడు అక్కడ తంగేడు, సర్కారు తుమ్మ తప్ప మరేమీ కనిపించదు. అందరూ వాతావరణాన్నే నిందిస్తున్నారు గాని, పాలమూరుకు కరువు కొత్త కాదు. 1972 కరువులో ఎండిన కంచె ఆ తర్వాత మళ్లీ పచ్చబడింది. ఇప్పుడు పచ్చబడకపోవడానికి కారణం విరామం లేని మేతేనని నా అభిప్రాయం. పశువులు ముట్టని తంగేడు మాత్రమే మిగలడం అందుకు సాక్ష్యం.

దేవరకొండ మంద:
అయ్యా, ఏడాది మొత్తం వానను పట్టుకొని చూస్తే ఈ నేల అర్థం కాదు. 2009లో దేశంలో నైరుతి రుతుపవన వర్షం 22 శాతం తక్కువ పడింది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో అలంపురం మునిగింది. ఆరుద్రలో మొలిచి ఎండిన గడ్డికి ఆ నీళ్లు ఏం మేలు చేశాయి? ఎర్ర చల్క నేలకు లోతు తక్కువ, కింద రాయి. ఒక్కపెట్టున కురిసిన వాన ఇంకకముందే పైమన్నును వాగులోకి తీసుకుపోతుంది. వరుసగా రెండు మూడేళ్లు తడి అందకపోతే ఏళ్ల తరబడి నిలిచే గడ్డి దుబ్బులు వేళ్లతో సహా చచ్చిపోతాయి, వాటి చోట ఒక్క వానకు మొలిచి విత్తనం రాల్చి పోయే గడ్డి వస్తుంది. తర్వాత మంచి వాన పడినా పాత గడ్డి తిరిగి రాదు, ఎందుకంటే దాని విత్తనం మన్నుతోపాటే పోయింది.

గద్వాల వాసి:
2009 వరద చాలావరకు ఎగువ నుంచి వచ్చిన నీరు.

చల్కనేల:
నేను చెప్పేదీ అదే. నదికి వచ్చిన వరదను కంచెలో పడిన వానగా లెక్కించరాదు. మీ ఉదాహరణే తప్పు.

దేవరకొండ మంద:
తప్పు కాదు. ఆ వాన కర్నూలుతోపాటు మన జిల్లాల్లోనూ కురిసింది. ఈ మాటను నేను వెనక్కి తీసుకోను.

నల్లగొండ పాఠకురాలు:
2009ని కాసేపు పక్కన పెట్టండి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో 1970, 80 దశకాల కరువులకు మొదట పశుకాపరులనే తప్పుపట్టారు. సముద్రాల ఉపరితల ఉష్ణోగ్రతలు మారడమే ఆ కరువులకు ప్రధాన కారణమని తర్వాత తేలింది. వానలు కొంత తిరిగి వచ్చాక చాలాచోట్ల పచ్చదనం పెరిగింది. దక్షిణ నైజర్‌లో రైతులు చేలల్లోని మోడుల చిగుళ్లను కాపాడి చెట్లను నిలుపుకున్నారు. అంటే వాన ఒక్కటే చాలదు, మనుషుల జాగ్రత్తా కావాలి.

చల్కనేల:
మందల వాళ్లకు ప్రతి చర్చలోనూ ఎక్కడో ఒక సముద్రం దొరుకుతుంది. నేను పడావు చేలో నాటి, మూడు ఎండాకాలాలు కడవలతో నీళ్లు పోసి బతికించిన నలభై చింత మొక్కలను ఒక్క రాత్రిలో మేకలు మేసిపోయాయి. ఆ మేకలను తోలింది రుతుపవనాలు కావు. సర్కారు తుమ్మ కాయలు తిని, పెంటికలతో విత్తనాలను కంచె నిండా చల్లిందీ ఆ జీవాలే.

దేవరకొండ మంద:
మీ చింత మొక్కల విషయంలో జరిగింది అన్యాయమే, ఒప్పుకుంటాను. ఇక మాది వినండి. మొక్కలు నాటుతామని మా గుట్ట చుట్టూ కందకం తవ్వారు, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఆ ఏడు వాన లేదు. మా నాన్న సగం మందను అమ్మి, మిగిలిన జీవాలను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయారు. వాన ఎక్కడ పడితే అక్కడికి పోవడమే మా తాతల నాటి ఉపాయం. దారులన్నీ మూసి ఒకేచోట మేపించి, చివరికి మేతే కారణమంటే ఎలా?

చల్కనేల:
కందకం సంగతి మీరు మొదటే చెప్పవలసింది. కంచెను కొంతకాలం మూయడమే తప్పంటారా, లేక మిమ్మల్ని అడగకుండా మూయడం తప్పంటారా?

దేవరకొండ మంద:
అడగకుండా మూయడమే. మంచి వాన పడిన ఏడు, తొలకరి నుంచి గడ్డి విత్తనం రాలేదాకా సగం కంచె మూయండి, కాపలా మేమే ఉంటాము. కరువు ఏడు మాత్రం తెరవాలి. అది ఏ ఏడో కాగితంలో ముందే రాసి పెట్టరాదు, ఆ ఏటి వాన చూసి ఊరు తేల్చాలి.

చల్కనేల:
ఊరంటే ఎవరు? మా ఊళ్లో మందలున్నవి పదకొండు ఇళ్లు, చేలున్నవి రెండు వందలకు పైగా. చేతులెత్తితే కంచె ప్రతి ఏడూ మూసే ఉంటుంది. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?