పాత ఎస్టీమ్‌కు టర్బో: ముందుగాల ఏం చూడాలె?

ప్రశ్న (హన్మకొండ): అన్నా, నాది మారుతి ఎస్టీమ్ కారు, 1.3 లీటర్ పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (సిలిండర్‌కొక ఇంజెక్టర్ ఉండేది). పిస్టన్లు మార్చకుండ టర్బో (ఇంజన్‌లకు గాలిని ఒత్తి పంపేది) పెట్టొచ్చా? బడ్జెట్ తక్కువ.

జవాబు: పెట్టొచ్చు తమ్మీ, బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) 0.4 బార్ దాటనియ్యకు. మొదలు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ల ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించు: ఇంజన్ వేడి మీద, నాలుగు ప్లగ్గులు తీసి, థ్రాటిల్ పూర్తిగ తెరిచి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపుండాలె. తక్కువ చూపెట్టిన దాంట్ల చెంచాడు ఆయిల్ పోసి మళ్ల చూడు. పెరిగితె రింగులు అరిగినట్టు, పెరగకపోతె వాల్వులో హెడ్ గాస్కెట్టో. అట్లుంటే టర్బో పైసలు ముందు అక్కడ పెట్టు.

జవాబు: పిస్టన్‌ను ఎక్కువ కాల్చేది లీన్ మిక్చర్ (గాలికి పెట్రోల్ తక్కువైన మిశ్రమం), నాకింగ్ (సిలిండర్ల మిశ్రమం తనంతట తానే పేలుడు). పెద్ద ఇంజెక్టర్లు, ట్యూన్ చేసే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగల ఆక్సిజన్ చూసి మిక్చర్ చెప్పేది): వీటిల కక్కుర్తి అస్సలు వద్దు. ఫుల్ బూస్ట్‌ల గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.5–12 (బరువుల ఒక పాలు పెట్రోల్‌కు అన్ని పాళ్లు గాలి). ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్ (వేడి జల్ది వదిలేవి), గ్యాప్ 0.7 మి.మీ. వరంగల్ మే ఎండకు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) తప్పదు.

జవాబు: టర్బో నుంచి వచ్చే ఆయిల్ రిటర్న్ పైపు లావుగ, వంపుల్లేకుండ కిందికే దిగాలె, సంపుల (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) ఆయిల్ మట్టానికి పైన కలపాలె. లేకుంటే ఆయిల్ టర్బో సీల్ దాటి నీలం పొగ వస్తది.