పెర్స్‌డొట్టెర్‌ని ఇంటిపేరు అనొచ్చా?

ప్రశ్న: 1850ల నాటి స్వీడన్ పల్లెటూరి పిల్ల వంశవివరాలు తెలుగులో పట్టికగా రాస్తున్నాను. పిల్ల బ్రీటా పెర్స్‌డొట్టెర్, తండ్రి పేర్ ఓలోఫ్సొన్, తల్లి కరిన్ ఎరిక్స్‌డొట్టెర్ అనుకోండి. ఒకే ఇంట్లో మూడు ఇంటిపేర్లా?

జవాబు: అవి ఇంటిపేర్లు కావండీ. డొట్టెర్ అంటే కూతురు, సొన్ అంటే కొడుకు. పేర్ కూతురు బ్రీటా, అంతే. తల్లి పెళ్లయ్యాక కూడా ఎరిక్ కూతురిగానే ఉంది, అప్పటి పల్లెల్లో అదే మామూలు. తండ్రి ఓలోఫ్సొన్ కాబట్టి తాత పేరు ఓలోఫ్ అని తెలుస్తుంది. కానీ ఆ పేరున్నవాళ్లు ఊళ్లో ఎంతమందో! అందుకే పేరు పట్టుకుని వెతికితే లాభం లేదు. చర్చి వాళ్ల ఇంటింటి పరీక్ష పుస్తకం చూడండి. ఫాదరీ ప్రతి ఇంటివాళ్లకీ చదువు వచ్చా, మతపాఠం అప్పజెబుతారా అని పరీక్షించి అందులో గుర్తులు వేసేవాడు. కమతం వారీగా అందరి పేర్లు, పుట్టిన తేదీలు, ఏ ఊరినుంచి వచ్చారో, ఎక్కడికి పోయారో కూడా ఉంటాయి. పిల్ల పనికత్తెగా పక్క ఊరు వెళ్లినా జాడ దొరుకుతుంది.

మరో జవాబు: స్వీడన్‌లోనే డాలార్నా ప్రాంతం పిల్లయితే మాత్రం అసలైన ఇంటిపేరే ఉండొచ్చు. అక్కడ కమతం పేరు మనిషి పేరుకి ముందు వస్తుంది: లిస్స్ బ్రీటా పెర్స్‌డొట్టెర్. అచ్చం మన పద్ధతే కదా! ఇంకో తమాషా, ఇల్లరికం వెళ్లిన అల్లుడు భార్య కమతం పేరే పెట్టుకునేవాడు. కాబట్టి తండ్రి పేరులో లిస్స్ కనిపించినంత మాత్రాన అతను అక్కడే పుట్టాడనుకోవద్దు.

అడిగినవారు: అయితే 'తండ్రి పేరు'కి ఒక గడి, 'ఇంటిపేరు'కి ఇంకో గడి పెడతాను. తల్లి తరఫు తాత సిపాయి, అతని పేరు చివర రస్క్ అని ఉంది. అదెక్కడ వేయాలి?

జవాబు: రస్క్ అంటే చురుకైనవాడు. సైన్యంలో పెట్టిన పేరది, వేరే గడిలో 'సిపాయి పేరు' అని వేయండి. ఒక్కోసారి అతని తర్వాత, సిపాయికని కేటాయించిన అదే గుడిసెలోకి వచ్చిన కొత్త సిపాయికీ ఆ పేరే ఇచ్చేవారు. ఇద్దరు రస్క్‌లు కనబడితే తండ్రీకొడుకులని గీత గీసేయకండి, ముందు పుట్టిన తేదీలు చూడండి.

ఇంకొకరు: ఇంకో మాట. 1901లో పేర్ల చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే ఈ సొన్ పేర్లు చాలా ఇళ్లలో మారకుండా స్థిరపడ్డాయి. బ్రీటా మనవల దగ్గరికొచ్చేసరికి ఆండెర్సొన్ అని ఉంటే, తండ్రి పేరు ఆండెర్స్ అని రాసేయకండి. అక్కడినుంచి అది ఇంటిపేరు గడిలోకే.