వరదలో పోయిన నాన్న పుస్తకాలు: మళ్లీ కాగితమే కొనాలా, రీడర్ కొనాలా?

సింగ్‌నగర్ పెద్దోడు:

అందరికీ నమస్కారం. కాగితం గొప్పా, స్క్రీన్ గొప్పా అని కొట్టుకోవడానికి పెట్టిన పోస్టు కాదండీ ఇది. నిజంగానే డబ్బులు తీసి ఏదో ఒకటి కొనాల్సిన పని పడింది, వాడిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లం. ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, గ్యాస్ బండ, మిక్సీ, చివరికి ఇస్త్రీ పెట్టె కూడా మేడ మీదికి చేర్చాం గానీ నాన్న పుస్తకాల బీరువా ఎవరికీ గుర్తు రాలేదు, గుర్తొచ్చినా దాన్ని మోసే నాథుడెవడు. నీళ్లు తీశాక చూస్తే బీరువా తలుపు రాదే. లోపల పుస్తకాలు నీళ్లు తాగి, ఉబ్బి, ఒకదాన్నొకటి నొక్కుకుని బిగుసుకుపోయాయి. గునపం పెట్టి తలుపు విరగ్గొడితే ఒక్కో అర మొత్తం ఒకే దిమ్మలా ఊడొచ్చింది, అందులో ఏది ఏ పుస్తకమో విడదీయడం మా వల్ల కాలేదు. పాడైన పరుపులతో పాటు అవీ చెత్త ట్రాక్టర్ ఎక్కాయి. పై అరలోవి ఓ ఇరవై మిగిలాయి, వాటికీ బూజు మరకలే.

నాన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు, 71 ఏళ్లు. ఈ వేసవిలో రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. చదవడానికి ఇంట్లో ఏమీ లేక రోజంతా ఫోన్లో షార్ట్ వీడియోలు చూస్తూ కూర్చుంటున్నారు, అది చూడలేక అడుగుతున్నా. రీడర్ (ఈ-పుస్తకాలు చదివే మెషీన్) కొనేద్దాం, మళ్లీ నీళ్లొచ్చినా జేబులో వేసుకుని మేడెక్కొచ్చు అంటాడు తమ్ముడు. ఆ కంపు ఇంకా నా ముక్కులోంచి పోలేదు, ఇంట్లోకి ఇంకో కాగితం తెచ్చారంటే ఊరుకోను అంటుంది అమ్మ. నాన్న ఏమీ అనరు, అసలు టెన్షన్ అదే. ఆయన చదివేవి పాత నవలలు, పద్య కావ్యాలు, ఆత్మకథలు, అన్నీ తెలుగే. ఇవి రీడర్లో దొరుకుతాయా? ఆ కళ్లకి ఏది నయం?

బ్రాడీపేట నాలుగో లైను:

ఆరేళ్లుగా కిండిల్, అంటే అమెజాన్ వాళ్ల రీడర్, వాడుతున్నా, కాబట్టి నేను పుస్తకాల వాసన బ్యాచ్ కాదు. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ బస్సులో తిరిగే ఉద్యోగం నాది, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఆరొందల పేజీల ఇంగ్లిష్ నవల చదవాలంటే దీన్ని మించిన సుఖం లేదు. ఫోన్‌తో పోల్చకండి. ఫోన్ తెర నేరుగా మన కళ్లలోకి లైటు కొడుతుంది. దీని తెరలో నలుపూ తెలుపూ రేణువులుంటాయి, కరెంటు తగిలితే కొన్ని పైకి, కొన్ని కిందికి జరిగి అక్షరం కనపడుతుంది. ఒకసారి కనపడ్డాక అలాగే ఉండిపోతుంది, మళ్లీ పేజీ తిప్పేదాకా తెరకి కరెంటు అక్కర్లేదు, అందుకే ఒక ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. ఎండలో కూర్చున్నా కాగితంలాగే చదువుకోవచ్చు. లైటు ఉన్న మోడళ్లలో కూడా అది అంచుల నుంచి తెర మీద పడుతుంది, వెనక నుంచి రాదు.

ఇంత చెప్పి కూడా మీ నాన్నగారికి మాత్రం కొనొద్దంటాను. కారణం తెలుగు. 2016 డిసెంబరులో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టారు, ఆ ఐదింటిలో మనం లేం. ఈ ఆరేళ్లలో దాంట్లో నేను చదివిన తెలుగు పుస్తకాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు, అవీ నేను ఎక్కించుకున్న పీడీఎఫ్‌లే. సరే, నా మాట నమ్మి కొనడం మానొద్దు, నమ్మి కొనొద్దు కూడా. తెలిసినవాళ్ల దగ్గర రెండ్రోజులు అడిగి తెచ్చి ఆయన చేతికి ఇచ్చి చూడండి.

లెనిన్ సెంటర్ పాతకాపు:

అమ్మయ్య, మెషీన్ వాడే ఆవిడే ఆ మాటన్నారు. నేనంటే ముసలాడి చాదస్తం అనేవాళ్లు.

బాబూ, 2009లో ఏమైందో తెలుసా? అమెరికాలో జనం డబ్బులిచ్చి కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ నవలల్ని అమెజాన్ వాళ్లు ఎక్కడో కూర్చుని వాళ్ల కిండిళ్లలోంచి తీసేశారు, హక్కు లేనివాడు అమ్మాడని తర్వాత తెలిసిందట. డబ్బులు తిరిగిచ్చార్లే. అలా పోయినవాటిలో ఒకటి '1984', సర్కారే పాత రాతల్ని చెరిపేసే కథ, ఇంకేం చెప్పను. నా ఇంట్లో పుస్తకం నాకు చెప్పకుండా ఎవడైనా పట్టుకెళ్లగలడా?

సింగ్‌నగర్ పెద్దోడు:

బుడమేరు చెప్పి పట్టుకెళ్లిందా బాబాయ్ గారూ? డబ్బులు కూడా తిరిగివ్వలేదు 😀

లెనిన్ సెంటర్ పాతకాపు:

సరే నువ్వే గెలిచావు.

డీటీపీ, అరండల్‌పేట:

తెలుగు ఎందుకు లేదో నేను చెప్తా, గుంటూరులో పాతికేళ్లుగా ఇదే పని. మీ ఇంట్లో ఉన్న గత ముప్పై ఏళ్ల తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసినవి. అందులో మీ కంటికి 'క' కనపడుతుంది గానీ కంప్యూటర్‌కి అది ఏదో ఇంగ్లిష్ గుర్తు, దాని మీద తెలుగు బొమ్మ తొడిగారంతే. ఒత్తు ఒక గుర్తు, గుడి ఇంకో గుర్తు, అన్నీ పక్కపక్కన అతికిస్తే అక్షరం. ప్రింటుకి దాంతో ఏ ఇబ్బందీ లేదు, ఇంకు కాగితం మీద పడితే మా పని అయిపోయినట్టే. రీడర్‌కి అలా కుదరదు, దానికి యూనికోడ్ కావాలి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే సొంత నంబరు, అప్పుడే మీరు అక్షరం పెంచినా తగ్గించినా లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. మా వేళ్లు మాత్రం అను కీబోర్డుకి అతుక్కుపోయాయి, ఎవడు మార్చుకుంటాడు.

కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నొక్కితే రెండొందల పేజీలు క్షణంలో మారిపోతాయి. తర్వాత టీ తెచ్చుకుని కూర్చుని చూస్తే ఒక ఒత్తు పక్క అక్షరం కిందికి పోయి ఉంటుంది, అరసున్నా ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఉంటుంది. మొన్న ఒక శతకం అలా మార్చి చూశా, 'క్ష' వచ్చిన ప్రతిచోటా ఏదో ఒకటి తేడా, నూట చిల్లర పద్యాలకి నాలుగు రాత్రులు పట్టింది. ఐదొందల కాపీలు వేసుకుని అవి అమ్ముడుపోతే చాలనుకునే పబ్లిషర్ ఆ ప్రూఫ్ ఖర్చు ఎందుకు పెట్టుకుంటాడు? అసలు పాత ఫైలు ఉంటే కదా. ఏ సీడీలో ఉందో, ఆ సీడీ ఇప్పుడు దేంట్లో తెరుచుకుంటుందో. మా షాపులో ఒక ముసలి కంప్యూటర్‌ని ఇంకా పారేయకుండా దుమ్ము దులిపి ఉంచుకున్నది ఆ పేజ్‌మేకర్ ఫైళ్ల కోసమే. అందుకని తెలుగులో ఈ-పుస్తకం అంటే చాలాసార్లు పేజీకి తీసిన ఫొటోనే.

పీడీఎఫ్ పిచ్చోడు:

ఫొటో అయితే ఏమైందండీ, మీరంతా కలిసి ఆయన్ని భయపెట్టేస్తున్నారు. పాత నవలలు, కావ్యాలు అన్నారు కదా, ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే ఉచిత సైటులో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, ఎప్పుడో ప్రింటు ఆగిపోయినవి, పాతకాపు గారి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో కూడా దొరకనివి.

చిక్కల్లా సైజుతోనే. డెమ్మీ సైజు పుస్తకం పేజీ వెడల్పు అయిదున్నర అంగుళాలు. ఆరంగుళాల రీడర్ అంటే మూల నుంచి మూలకి ఆరు, వెడల్పు మూడున్నర మీద కాస్త. అంటే పేజీ మూడింట రెండు వంతులకి కుంచించుకుపోయి 12 పాయింట్ల అక్షరం 8 అవుతుంది, ఆపరేషన్ అయిన కళ్లకి అది చీమల బారే. మార్జిన్లు కత్తిరిస్తే కొంత నయం. కేఓరీడర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది స్కాన్ పేజీలోని మాటల్ని ముక్కలుగా కోసి పెద్దవి చేసి మళ్లీ పేర్చి చూపిస్తుంది. వచనానికి ఫరవాలేదు, పద్యాన్ని మాత్రం ఎక్కడపడితే అక్కడ విరుస్తుంది. తెలుగు మాస్టారికి చూపిస్తే కొడతారు.

నా ఓటు 10 అంగుళాల మామూలు ట్యాబ్‌కి. డెమ్మీ పేజీ దాదాపు ఉన్న సైజులోనే వస్తుంది, వేళ్లతో లాగి పెంచుకోవచ్చు. అదే సైజులో ఈ-ఇంక్ (కిండిల్ లాంటి తెర) రీడర్లూ ఉన్నాయి, ధర చూసి నేను ఆ పేజీ మూసేశా. ఇంకో మాట, ఫైలు ఏదైనా ఒక కాపీ మీ దగ్గర విడిగా ఉంచుకోండి. కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే ఆప్షన్ ఉండేది, 2025 ఫిబ్రవరిలో అదీ ఎత్తేశారు.

బ్రాడీపేట నాలుగో లైను:

ట్యాబ్ ఇచ్చారంటే షార్ట్ వీడియోలు పెద్ద తెర మీద చూపించినట్టే. మా మావయ్య గారికి భాగవతం చదువుకుంటారని కొనిచ్చాం, ఇప్పుడు ఆయన పొద్దస్తమానం వంటల వీడియోలు చూసి మా అత్తయ్యకి పప్పులో ఇంగువ ఎప్పుడు వేయాలో చెప్తున్నారు.

కొనడం అంటూ లేకుండా గ్రంథాలయం చూడకూడదా? గుంటూరు రాగలిగితే బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, ఆయన చదివే తరహా పాత పుస్తకాలకి మంచి చోటు.

లెనిన్ సెంటర్ పాతకాపు:

అంత దూరం ఎందుకమ్మా, మనకి రామమోహన గ్రంథాలయం లేదూ. ఆంధ్రదేశంలో గ్రంథాలయాలు నడిపేవాళ్లంతా 1914లో మొదటి మహాసభ పెట్టుకుంది ఈ బెజవాడలోనే.

బాబూ, ఆ మిగిలిన ఇరవై పుస్తకాలు ఎండలో పెట్టకు, అట్టలు అప్పడాల్లా వంకర తిరుగుతాయి. నీడలో ఫ్యాన్ కింద విసనకర్రలా విప్పి నిలబెట్టు. బాగా ఆరాక వరండాలోకి తీసుకెళ్లి ముక్కుకి గుడ్డ కట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులుపు. కలరా ఉండలు వేస్తే బూజు పోదు, అవి పురుగులకి. తతిమ్మావి నెమ్మదిగా కొనుక్కోవచ్చు, జనవరిలో పుస్తక మహోత్సవం ఎటూ వస్తుంది. స్వరాజ్ మైదానంలో జరిగే రోజుల్లో నేను రోజూ వెళ్లేవాణ్ణి, ఇప్పుడక్కడ అంబేద్కర్ విగ్రహం వచ్చింది, 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో పెట్టారు. ముందు ఒక్క ఆదివారం ఆయన్ని లెనిన్ సెంటర్‌కి తీసుకురా. లిస్టు రాసుకుని రావద్దు, లిస్టులో ఉన్నది చచ్చినా దొరకదు.

సింగ్‌నగర్ పెద్దోడు:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

తమ్ముడి ఫ్రెండ్ దగ్గర రీడర్ తెచ్చి, డీటీపీ గారు చెప్పినట్టు యూనికోడ్‌లో ఉన్న ఒక కథ వెతికి ఎక్కించి ఇచ్చాం. నాన్న అక్షరం పెంచుకుంటూ పోయారు, లైనుకి మూడు మాటలు మిగిలేదాకా పెంచి, "ఏరా, ఇది పుస్తకమా, కంటి డాక్టర్ గోడ మీది చార్టా" అన్నారు. ఇంకా ఎంత మిగిలిందో చేతికి తెలియట్లేదన్నారు. కింద శాతం చూపిస్తోంది నాన్నా అంటే, "మార్కులా?" అన్నారు. అలాగని పక్కన పడేయలేదు, మొన్న రాత్రి కరెంటు పోతే దాని లైటుతోనే ఆ కథ పూర్తి చేశారు. అమ్మ నిద్ర చెడలేదు, అది దాని గొప్పే. ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చేస్తుంటే మాత్రం ఆపలేదు.

ఆదివారం లెనిన్ సెంటర్‌కి వెళ్లాం. పాతకాపు గారూ, మీరు చెప్పింది నిజం, అనుకున్నది ఒక్కటీ దొరకలేదు. ఒక కొట్లో కింద కూర్చుని గుట్టలోంచి ఒక ఆత్మకథ లాగారు, మా బీరువాలో ఉండేదే, అదే పాత ముద్రణ. లోపలి పేజీలో నీలం సిరాతో ఎవరో ఎవరికో పెళ్లి కానుకగా రాసిచ్చారు, 1978 అని ఉంది. నాన్న ఆ పేజీ నాకు రెండుసార్లు చూపించారు. నూట ఇరవై చెప్తే ఎనభైకి బేరమాడి తెచ్చుకున్నారు. దాంతో కలిపి నాలుగు. ఫోన్ చూడ్డం మానేశారని అబద్ధం చెప్పను, తగ్గింది.

అమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. గోడ మీద ఆ నీళ్ల మరక ఉంది కదా, సున్నం వేసినా మళ్లీ పైకి తేలింది, ఛాతీ ఎత్తులో ఉంటుంది. పుస్తకం అనేది ఆ గీత కింద కనపడకూడదట. వడ్రంగి వచ్చి కొలిచి, ఇంత పైన అరలు కొడితే స్టూలెక్కితే గానీ అందవండీ అన్నాడు. ఆపరేషన్ అయిన మనిషిని స్టూలెక్కనివ్వనని అమ్మ, నేను ఎక్కుతానని నాన్న. నిన్న వడ్రంగి అడ్వాన్స్ తిరిగిచ్చేస్తానని ఫోన్ చేశాడు, వద్దు ఉంచమన్నాను.