బొడ్డుపల్లెను గొడ్డేఱి: ఆ ఱకారమూ, ఏడునూర్ల టంకాలూ

పునాస:
కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో సేద్యం చేసి, పంట పోయి, ఏడునూర్ల టంకాలు చెల్లించలేక శిక్ష పడిన కవి గోడుగా శ్రీనాథుని పేర చెలామణిలో ఉన్న అప్పుల సీసంలో ఒక మాట నన్ను కొన్నాళ్లుగా వేధిస్తున్నది. కౌలు బాకీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా పెదనాన్నగారు "బొడ్డుపల్లెను గొడ్డే" అని ఎత్తుకొని, తరువాతి అక్షరాన్ని మింగివేసి, "మోసపోతి" అని ముగిస్తారు. ఆ మింగిన అక్షరం ఱియా, రియా? టీకలన్నీ "గుత్తకు తీసుకొని" అని సరిపెట్టి ముందుకు సాగిపోతున్నాయి గాని, గుత్త అనే అర్థం ఆ మాటలో ఏ మూల ఉన్నదో నాకు కనబడలేదు. తెలిసినవారు చెప్పగలరు.

పాతప్రతి:
నా వద్ద ఉన్న ముద్రణలో గొడ్డేఱి అని శకటరేఫతోనే, అంటే బండి ఱతోనే ఉన్నది. నేను దానిని "గొడ్డు, ఏఱి" అని విడదీస్తాను. ఊళ్లన్నిటిలోను గొడ్డుపోయిన ఊరిని ఏరి కోరి తీసుకొన్నానని కవి తనను తానే ఎత్తిపొడుచుకొంటున్నాడు. గుత్త అన్నది సందర్భాన్ని బట్టి టీకాకారులు చేర్చిన మాట, పదార్థం కాదు.

హాలికుడు:
పాతప్రతిగారూ, గొడ్డు నేల అయితే పైపాదంలో "కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము" అని ఎందుకంటాడండీ? కృష్ణ తీసుకొనిపోవడానికి ఫలం ఉండాలి కదా, గొడ్డు నేలకు ఫలం ఎక్కడిది? పైగా తెలిసి ఏరుకొన్నవాడు మోసపోయానని చెప్పుకోడు. తన ఎంపిక తప్పినదంటాడు, అంతే.

పాతప్రతి:
ఆ ఊరు గొడ్డని తెలిసింది వరద తరువాత. ముందు ఏరుకొన్నాడు, తరువాత అది గొడ్డని తేలింది, ఆ తేలినదానినే విశేషణంగా ముందు పెట్టి చెప్పుకొన్నాడు. దెబ్బతిన్న ప్రతివాడూ జరిగినదానిని ఆ వరుసలోనే చెబుతాడు.

శకటరేఫ:
ఏఱు అంటే నది కనుక "గొడ్డుటేఱు" అనే అర్థాన్ని కూడ కొందరు లాగుతుంటారు. అది చెల్లదని ముందే మనవి చేస్తున్నాను. నదీవాచకమైన ఏఱుకు ఔపవిభక్తికం, అంటే విభక్తికి ముందు మారే రూపం, "ఏటి" అవుతుంది, "ఏఱి" కాదు. ఇక సాధురేఫతో, అంటే మామూలు రకారంతో, ఏరు అంటే నాగలి, ఏరువాకలో ఉన్నది అదే. దానిని పట్టుకొని "గొడ్డు దున్ని" అని అర్థం చెప్పేవారికి నా ప్రశ్న ఒకటే: ఆ ఏరుకు క్రియారూపం ఎక్కడ ఉన్నది? దున్ను అనే క్రియ ఉండగా శ్రీనాథుడు లేనిదానిని ఎందుకు పుట్టిస్తాడు?

తేటగీతి:
మీరందరూ ఱకారాన్ని సాక్షిగా బోనులో నిలబెట్టారు గాని, ఆ సాక్షి నోరు విప్పదు. ఆ అక్షరం యతిస్థానంలో లేదు. సీసం చివర ఉన్న ఈ నాలుగు పాదాలూ తేటగీతి, తేటగీతికి ప్రాసనియమం లేదు. ర, ఱల భేదాన్ని కాపాడే కాపలా ఆ తావున ఏదీ లేదు కనుక లేఖకుడు ఏది రాస్తే అదే మనకు దక్కింది. ఛందస్సు మాట్లాడేది చివరి పాదంలో.

"నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు" అన్నచోట యతి ఎట్లులోని ఎకారానికీ, ఏడులోని ఏకారానికీ. నూర్ల లెక్కలో ఆ యతికి ఒదిగే సంఖ్యలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఆరునూర్లు, ఐదునూర్లు అంటే అచ్చు కలియదు. మూడునూర్లు, నాలుగునూర్లు అంటే అచ్చే లేదు. ఇన్నూర్లు, ఎనిమిదినూర్లు అంటే యతి కలుస్తుంది గాని గణాలు కలియవు. మిగిలినది ఏడునూర్లు ఒక్కటే. ఆ ఏడునూర్ల టంకాల బాకీ రాజుగారి కరణం తేల్చిన లెక్క కాకపోవచ్చునని, పద్యం తేల్చిన లెక్క కావచ్చునని నా అనుమానం.

పాతప్రతి:
యతి కోసం బాకీని పెంచుకొనేటంత అశక్తుడా శ్రీనాథుడు? బాకీ ఆరునూర్లే అయితే పాదం మొదట ఎట్లుకు బదులు అకారాదిగా మరొక మాట వేసేవాడు. సంఖ్య ముందు, యతి తరువాత.

తేటగీతి:
ఆ మాట ఏదో మీరే వేసి చూపించండి. "మోసపోతి" తరువాత ఎట్లు అంత సహజంగా వచ్చే అకారాది పదం నాకు తట్టలేదు.

ఎదురెండ:
అక్షరం దగ్గరే ఉండి మరొక అక్షరం గురించి అడుగుతాను. పాదం మొదట "నెట్లు" అని ఉన్నది కదా, ఆ నకారం ఎవరిది? అది ఎట్లుది కాదు, పై పాదంలోని "మోసపోతిని"ది. అంటే మోసపోయినది ఉత్తమపురుష అని సంధే పట్టి ఇస్తున్నది. ఇది నాకు గొడ్డేఱి కన్న పెద్ద విషయంగా తోస్తున్నది. ఎందుకో చెబుతాను.

ఈ కవిదే మరొక సీసం ఉన్నది, కనకాభిషేకం ముచ్చట గలది. "దీనారటంకాల దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల" అని మొదలవుతుంది. "పగులగొట్టించి తుద్భటవివాదప్రౌఢి గౌడడిండిమభట్టు కంచుఢక్క" అన్న పాదాన్ని వేదికల మీద చదివేవారు మీసం మెలివేసి చదువుతారు, కంచుఢక్కను తానే పగులగొట్టించానని కవి గొప్పలు చెప్పుకొంటున్నట్లు. "ఇంచితి" అన్న రూపం ఉత్తమపురుషకూ మధ్యమపురుషకూ రెండింటికీ చెల్లుతుంది కనుక వచ్చిన చిక్కు ఇది. కాని ఎత్తుగీతిలో "ఎటుల మెప్పించెదో నన్ను" అని అడిగి, "శారదాంబ" అని సంబోధనతో ముగించాడు కదా. తీర్థమాడించినది శారద, పలుకుతోడైనది శారద, ఢక్కను పగులగొట్టించినది శారద. ప్రౌఢదేవరాయల కొలువులో జరిగిన ఆ సన్మానాన్నంతా ఆమె ఖాతాలో రాసి, తాను ఆ టంకాల కింద తల వంచి కూర్చొన్నవాడుగా మాత్రమే మిగిలాడు.

బొడ్డుపల్లె దగ్గరకు వచ్చేసరికి శారద లేదు. మోసపోతిని, చెల్లింతును: రెండు క్రియలూ తనవే. గెలుపు నీది, బాకీ నాది అన్న ఈ వైఖరిని ఎవరూ పట్టించుకోక, దారిద్ర్యపు పద్యమని ఒక్క మాటతో తేల్చివేస్తున్నారని నా బాధ.

హాలికుడు:
ఎదురెండగారు బాగా పట్టుకొన్నారు గాని, ఒకటి విడిచిపెట్టారు. అక్కడ దీనారటంకాలు, ఇక్కడ టంకంబులు ఏడునూర్లు. ఆ నాణెంతోనే స్నానం, ఆ నాణెంతోనే సంకెల. ఈ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టి అచ్చు వేయాలి.

శకటరేఫ:
ఉత్తమపురుష చివరి గీతిలోనే ఉన్నది, దాని ముందున్న సీసపాదాలలో లేదు. అక్కడ శిక్ష పడినది "నాకు" కాదు. కౌగిలించుకొన్నది కవిరాజు కంఠాన్ని, సంకెలలు తగిలినది ఆంధ్రనైషధకర్త అంఘ్రియుగ్మానికి, అంటే పాదాల జంటకు, వెదురుగొడియ వియ్యమందినది వీరభద్రారెడ్డి విద్వాంసుని ముంజేతితో, నల్లగుండు ఎక్కినది సార్వభౌముని భుజస్తంభం మీద. బిరుదులన్నిటినీ ఒక్కొక్కటిగా పిలిచి బందెలో పెట్టించాడు. మనిషి గీతిలో గాని బయటపడడు. కనుక బాకీని తన మీద వేసుకొన్నాడన్నది సగం సరి. శిక్షను తన కీర్తి మీద వేసి, బాకీని తన మీద వేసుకొన్నాడనాలి.

క్రియలను కూడ చూడండి. కౌగిలించుట, ఎక్కుట, వియ్యమందుట: అన్నీ మర్యాద జరిగేచోట వాడే మాటలే. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కాలంలో (1402-1420) విద్యాధికారిగా ఉన్నవాడు, రాజమహేంద్రవరంలో కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చినవాడు, కొలువులో జరిగే మర్యాదల వరుసను మరచిపోలేదు. ఆ వరుసలోనే శిక్షను నడిపించాడు.

పాతప్రతి:
కవిరాజు కంఠాన్ని కౌగిలించుకొన్న ఆ పొగడదండ సంగతి మీరెవరూ ఎత్తలేదు. అది బాకీదారుల మెడకు తగిలించే శిక్షాసాధనమని అందరికీ తెలిసినదే, అయినా అక్కడ పొగడపూల దండ వాసన కూడ కొడుతుంది. నేను ఇంకొక అడుగు వేసి, పొగడు అనే క్రియ కూడ అందులో ఉన్నదంటాను. పొగిడి పొగిడి సంపాదించిన దండ కనుక అది పొగడదండ. రాజులను పొగడినందుకు వచ్చిన దండలూ, ఈ దండా ఒకే మెడలో పడ్డాయి.

శకటరేఫ:
మూడవ అర్థం మీ స్వంతం, పాతప్రతిగారూ. ఆ పద్యం రెండింటినే మోయగలదు.

హాలికుడు:
దండల మాట వచ్చింది కనుక పోతన పేర ఉన్న పద్యాన్ని తలచుకోకుండ ఉండలేను. కావ్యకన్యకను కూళలకిచ్చి ఆ పడుపుకూడు తినడం కన్న "సత్కవుల్ హాలికులైన నేమి" అన్నది బావమరదుల కథలలో శ్రీనాథునికి చెప్పిన జవాబుగానే అందరమూ చదువుకొన్నాము. ఆ చుట్టరికం కథే కావచ్చును. కాని రెడ్డిరాజ్యం గజపతుల చేతికి పోయాక, శ్రీనాథుడు కూడ హాలికుడు కాబోయాడని, కృష్ణ ఒడ్డున వ్యవసాయానికి దిగి ఏడునూర్ల టంకాల బాకీలో పడ్డాడని ఈ చాటువు చెబుతున్నది. "అయిన నేమి" అన్న పోతన ప్రశ్నకు ఏమవుతుందో శ్రీనాథుడు లెక్క కట్టి చూపించినట్లున్నది. నేను చిన్ననాటి నుంచి పోతన పక్షమే, ఇప్పటికీ ఆ పక్షమే. అయినా సేద్యం గురించి వారిద్దరిలో ఎవరి మాట నమ్మాలని మా ఊరి కౌలుదారును అడిగితే, అతడు శ్రీనాథుని వైపే నిలుచుంటాడు.

పునాస:
సేద్యం వైపు నుంచి నేను ఒకటి చెప్పగలను. వరద తీసుకొనిపోయిన ఫలమూ, "బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు" అని పిట్టల పాలైన పంటా ఒకటి కావని నా నమ్మకం. నువ్వులూ పెసలూ తక్కువ రోజుల పంటలు. నీరు తీసిన తరువాత, ఒండ్రులో తేమ ఉండగా, పోయిన పంటకు బదులుగా ఏదో ఒకటి చల్లుకొని శిస్తయినా గిట్టించుకొందామని చూసేవారు వేసే పంటలు అవి. అంటే ఆ మనిషి ఒక్కసారి కాదు, రెండుసార్లు నష్టపోయాడు. రెండవసారి పెట్టుబడి ఎక్కడ తెచ్చాడో పద్యం చెప్పదు. ఏడునూర్లలో ఎంత అసలు బాకీ, ఎంత ఈ రెండవ విత్తనపు బాకీ అన్నది కూడ తెలియదు. బాకీని తీర్చడానికి మళ్లీ బాకీ చేయడం మా వైపు ఇప్పటికీ ఉన్నదే కనుక నాకు ఈ పాదాల వరుస మీద గురి.

ఎదురెండ:
ఇది కొత్త మాట, పునాసగారూ, దాచుకోదగినది. దానితో "చెల్లింతు" అన్న క్రియకు ఇంకొక బలం వచ్చింది. అతడు మాఫీ అడగడం లేదు. ఎవరిమీదా నేరం మోపడం లేదు. ఎట్లు చెల్లిస్తానన్న ఉపాయం ఒక్కటే వెతుక్కొంటున్నాడు. "అప్పుగొని సేయు విభవము" కీడు తెచ్చునన్న సుమతీ పద్యాన్ని కొందరు ఇతని మీద వేసి కొడతారు. ఇతడు విభవం కోసం అప్పు చేయలేదు, విభవం అయిపోయాక చేశాడు. ఆ పద్యం ఇతనికి వర్తించదు.

పాతప్రతి:
ఎట్లు అన్నది ఉపాయం వెతుక్కొనే ప్రశ్నే కానక్కరలేదండీ. "ఎట్లు చెల్లింతు" అంటే చెల్లించలేను అని తెలుగులో ప్రతివారికీ తెలుసు. "దినవెచ్చ మేరాజు తీర్చగలడు" అని ఇతని పేరనే ఉన్న మరొక సీసంలో రాజు ఎవరని అడగడం లేదు కదా, ఏ రాజూ లేడంటున్నాడు. రత్నాంబరాలు, కస్తూరి, హేమపాత్రాన్నం, ఒక్కొక్కటీ ఇచ్చినవారు ఒక్కొక్కరే పోయారని వాపోయినవాడు, సంపద అంటే ఎవరో ఇచ్చేదని చివరిదాకా నమ్మినవాడు. అతని అప్పుకు కూడ ఎవరో ఒకరు రావలసిందే. మీరు అతనికి మన కాలపు బాధ్యతను తొడుగుతున్నారు.

ఎదురెండ:
ఎవరో ఒకరు రావాలనుకొంటే వారిని పిలిచి ఉండేవాడు కదా. ఇందులో సంబోధన ఏదీ? కనకాభిషేకపు పద్యం చివర శారదాంబ ఉన్నది. ఇక్కడ రాజూ లేడు, దేవుడూ లేడు, "టంకంబు లేడునూర్లు" అన్నదగ్గర పద్యం ఆగిపోయింది.

శకటరేఫ:
సంబోధన లేకపోవడం మీద అంత బరువు మోపవద్దు. పాతప్రతిగారు ఎత్తిన దినవెచ్చపు సీసంలోనూ సంబోధన లేదు, అది "శ్రీనాథు డమరపురికి" అని ప్రథమపురుషలో ముగుస్తుంది. ఆ కారణంగానే దానిని వేరొకరు కట్టి కవికి అంటగట్టారని వాదించేవారున్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటువులను సేకరించి మనకు అందించారు గాని, నోట నోట తిరిగి వచ్చిన పద్యానికి కర్త ఎవరో ప్రతిసారీ తేల్చి చెప్పడం ఎవరి వల్లనూ కాదు. దానికి ఆ న్యాయం వర్తిస్తే, కవిరాజు, నైషధకర్త అని ప్రథమపురుషలోనే నడిచే ఈ సీసానికీ వర్తించాలి.

తేటగీతి:
వర్తించదు. "నెట్లు"లోని నకారం దీనికి ఉన్నది, దానికి లేదు.

శకటరేఫ:
నకారం ఉత్తమపురుషను ఇస్తుంది గాని సంతకాన్ని ఇవ్వదు, తేటగీతిగారూ. మోసపోతినని శ్రీనాథుని గొంతుతో ఇంకొకరు అనలేరా?