అప్‌డేట్: మా వదిన స్క్రీనింగ్ చేయించుకుంది

పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే మా వదిన (36 ఏళ్లు) గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌కి రానంటోంది, ఎలా ఒప్పించాలని అడిగాను కదా. మొత్తానికి వచ్చింది.

భయం పోగొట్టమని చాలామంది రాశారు. కానీ ఆమె గోల వేరు: పని మానితే ఆ రోజు కూలి పోతుంది, పైగా మగ డాక్టర్ చూస్తాడేమో. మా అమ్మేమో "రోగం లేకుండా ఆ పరీక్షెందుకే, నలుగురూ ఏమనుకుంటారు" అంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వైపు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతొచ్చిందో అరుగు మీదే చెప్పుకుంటారు, ఈ మాటకొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది!

ఆశా కార్యకర్తతో మాట్లాడితే నర్సే చేస్తుందని తేలింది. నెలసరి లేకుండా, పని సెలవున్న రోజు చూసుకుని వెళ్లాం. పల్చటి ఎసిటిక్ యాసిడ్ రాసి, ఓ నిమిషం ఆగి, తెల్ల మచ్చలు వస్తాయేమో చూశారు. ఫలితం అక్కడే చెప్పేశారు, ఏమీ లేదు. మళ్లీ 5 ఏళ్లకి రమ్మన్నారు. "ఇంతేనా" అంది వదిన.

అమ్మకి 58. మెనోపాజ్ తర్వాత ఈ పద్ధతి అంత నమ్మకంగా పనిచేయదట. అందుకే శ్రీకాకుళంలో హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది) ఎక్కడ చేస్తారో తెలిస్తే చెప్పండి. ఆవిణ్ని ఒప్పించే పని వదిన తీసుకుంది.